మజ్జిగలో పొడి కలపకండి

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. కౌలుకు మిర్చి వేస్తారు. ధర పడిపోయి అప్పులపాలయ్యాక సిగరెట్లు ఎక్కువయ్యాయి. రోజుకు 10, ఒక్కోటి 18 రూపాయలు. పిల్ల కాలేజీ ఫీజు ఇంకా బాకీ ఉంది. సిగరెట్ మాన్పించే పొడి అని ఫోన్‌లో చూసి తెప్పించాను. ఆయనకు తెలియకుండా మజ్జిగలో కలపాలట. పొద్దున ఇవ్వాలా, రాత్రి ఇవ్వాలా?
- ఒక సోదరి, ప్రత్తిపాడు

జవాబు: ఏ పూటా వద్దమ్మా. ముందు దాన్ని బయట పారేయండి.

మీరు అడిగింది పొడి గురించే. నాకు వినబడింది మాత్రం మరొకటి: ‘ఆయనకు పిల్ల చదువు కంటే సిగరెట్టే ఎక్కువైందా’ అని. కాదు తల్లీ. సిగరెట్ పొగలోని నికోటిన్ కొద్ది సెకన్లలోనే మెదడుకు చేరుతుంది, అక్కడ హాయినిచ్చే డోపమైన్ విడుదలవుతుంది. రెండు గంటలు తిరిగేసరికి ఒంట్లో నికోటిన్ సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, కంగారు, పని మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. ఇంకోటి వెలిగిస్తే తగ్గుతాయి. ‘సిగరెట్ కాలిస్తే టెన్షన్ పోతుంది’ అని ఆయన అనేది అందుకే. ఆ టెన్షన్‌లో సగం అంతకుముందు కాల్చిన సిగరెట్ తెచ్చిపెట్టిందే. పాత అప్పు వడ్డీకి కొత్త అప్పు చేయడం లాంటిదిది. దాని సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఖర్చు మాటకొస్తే, మీరు రాసిన లెక్కన ఏడాదికి 65,700 రూపాయలు. అంత సొమ్ము ఆయన ఒక్కసారి చేత్తో ఇవ్వరు. కొట్టు దగ్గర విడిగా ఒక్కొక్కటే కొంటారు, ఆ పూటకు 18 రూపాయలే పోయినట్టు ఉంటుంది. చెప్పినా ఆగకపోవడానికి కారణం తెలివితక్కువతనం కాదు. మెదడు అడిగేది ఇప్పుడు, ఫీజు కట్టాల్సింది వచ్చే నెల.

ఇక పొడి. అందులో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఆయన బీపీకో షుగరుకో మాత్రలు వాడుతుంటే దానికీ దీనికీ పొసుగుతుందా? వాంతులై ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరుకు ఏం చెబుతారు? ఫోన్‌లో ఎవరో చెప్పిన మందును భర్త తాగే మజ్జిగలో కలపడం వైద్యం కాదు. మీ ఉద్దేశం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ ఒకసారి ఆయనకు తెలిస్తే, మీ చేతి అన్నం తినడానికే అనుమానపడతారు. ఈ ‘రహస్య మందు’ల గురించి ప్రతి నెలా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. దయచేసి ఆపండమ్మా. తనకు తెలియకుండా ఎవరూ ఏ వ్యసనమూ మానలేరు.

చేయాల్సింది చెబుతాను. ఆయన కాస్త తీరికగా ఉన్నప్పుడు, పిల్లల ముందు కాకుండా, ‘మానడానికి నేనేం చేయను’ అని అడగండి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తుంటే వ్యసనం గట్టిదని అర్థం, డాక్టరు సాయం కావాలి. నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, డాక్టరు రాసిచ్చే మాత్రలూ ఉన్నాయి. 1800-11-2356కి ఫోన్ చేస్తే డబ్బులేమీ పడవు, మానేందుకు సలహా ఇస్తారు. సిగరెట్ పెట్టె మీదే ఆ నంబరు ఉంటుంది, విడిగా కొనేవాళ్లకు అదీ కనబడదు. మానిన మొదటి వారం కోపంగా ఉంటారు, రెండు మూడు రోజులు మరీ కష్టం. ఆ రోజుల్లో ఎదురు మాట్లాడకండి. మళ్లీ ఒకటి కాల్చారని తెలిస్తే ‘నాకు తెలుసు’ అనొద్దు. చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించాకే మానగలుగుతారు.

అప్పు సంగతి ఆయన మీతో మాట్లాడుతున్నారా? నిద్ర పట్టకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం, బతికి ఏం లాభం అనడం ఉంటే సిగరెట్ విషయం పక్కన పెట్టి వెంటనే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఆ రోజు ఆయన్ని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి.

ప్రశ్న: లైట్ సిగరెట్‌కు మారితే ముప్పు తగ్గుతుందా?
- చిలకలూరిపేట

జవాబు: తగ్గదు. గట్టిగా పీలుస్తారు, ఎక్కువ కాలుస్తారు.

ప్రశ్న: పొగాకు ఆకు కోసే పనికి వెళ్లిన రోజు తల తిరిగి వాంతులవుతున్నాయి. నేను చుట్ట, బీడీ ముట్టను. వాంతులకు మాత్ర రాయండి.
- టంగుటూరు

జవాబు: మాత్రతో పోదమ్మా. పచ్చి ఆకు తడిలోకి దిగిన నికోటిన్ మీ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతోంది. మంచు ఆరాక కోయండి. నిండు చేతుల చొక్కా, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి, పని కాగానే సబ్బుతో కడుక్కోండి. గర్భిణులను ఈ పనికి పంపకండి. ఈ ఆకుతో బతికిన ఊళ్లు మనవి, పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. కూలికి వచ్చే ఆడవాళ్లకు గ్లోవ్స్ ఇచ్చే బాధ్యత పొలం యజమానిది.

ప్రశ్న: 62 ఏళ్లు. చిన్నప్పటి నుంచి చుట్ట అలవాటు. బుగ్గ లోపల తెల్లటి మచ్చ, నొప్పి లేదు. వేడి చేసిందనుకుని రెండు నెలలుగా మజ్జిగ తాగుతున్నాను. తగ్గలేదు.
- పర్చూరు

జవాబు: వేడి కాదు. నొప్పి లేదని ధీమాగా ఉండకండి, నోటి క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలకు చాలాసార్లు నొప్పి ఉండదు. రెండు వారాల్లో మానని ఏ మచ్చనైనా, పుండునైనా డాక్టరుకు చూపించాల్సిందే, మీరు రెండు నెలలు ఊరుకున్నారు. ఈ వారమే గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు, భయపడొద్దు. తొలి దశలో పట్టుకుంటే నయం చేయవచ్చు. చుట్ట ఈ రోజు నుంచే ఆపండి. ఒంటరిగా వెళ్లకండి, డాక్టరు చెప్పింది గుర్తుపెట్టుకోవడానికి ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి.