ఫేజ్ మందు చల్లే ముందు ల్యాబ్‌లో చుక్క పరీక్ష

వానలకు చెరువులో సెలినిటీ పడిపోయి, చెక్ ట్రేలో మేత మిగిలి, రొయ్య పేగు తెల్లబడుతోందంటే నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను రైతులు ముందు విబ్రియో బాక్టీరియానే అనుమానిస్తారు. దీనికి ఫేజ్ మందు వాడవచ్చా?

ఫేజ్ అంటే బాక్టీరియాను మాత్రమే పట్టే వైరస్. రొయ్య జోలికి, మనిషి జోలికి రాదు. బాక్టీరియాలోకి దూరి, అక్కడే సంతానాన్ని పెంచి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. దీనికి 1917లో పేరు పెట్టిన శాస్త్రవేత్త డెరెల్, 1920ల చివర్లో మన దేశంలోనే కలరా మీద దీన్ని ప్రయోగించాడు. కలరా క్రిమి కూడా విబ్రియోయే.

రొయ్యల్లో గట్టి ఫలితం హాచరీలో వచ్చింది. మంగళూరు మత్స్య కళాశాల పరిశోధకులు 2006లో ప్రచురించిన పనిలో, చీకట్లో మెరిసే విబ్రియో హార్వేయి సోకిన టైగర్ రొయ్య పిల్లలకు ఫేజ్ ఇస్తే 86 శాతం బతికాయి. యాంటీబయాటిక్ వేసినచోట 40 శాతం, ఏమీ వేయనిచోట 17 శాతమే నిలిచాయి. అయితే అది తొట్టె లెక్క. అడుగున బురద పేరుకున్న ఎకరాల చెరువుకు దాన్ని అంటగట్టకూడదు.

ఒక తాళానికి ఒకే చెవి అన్నట్టు, ఒక ఫేజ్ కొన్ని రకాల బాక్టీరియానే చంపగలదు. వైట్ స్పాట్ వైరస్ వల్ల, ఈహెచ్‌పీ వేరే సూక్ష్మజీవి వల్ల వస్తాయి. వాటికి ఫేజ్ చల్లితే డబ్బు నీళ్లపాలే. గుడివాడ వైపు చేపల్లో ఎరుపు మచ్చలు తెచ్చే ఏరోమోనాస్‌కు విబ్రియో ఫేజ్ పనికిరాదు.

అందుకే నీరసించిన బతికున్న రొయ్యలను, చెరువు నీటిని ల్యాబ్‌కు ఇచ్చి బాక్టీరియాను పెంచమనండి. ప్లేటు మీద ఆకుపచ్చ కాలనీలా, పసుపువా అన్నది చూసి ఆగిపోవద్దు. మీ చెరువు బాక్టీరియానే పొరగా పరిచి, దాని మీద కొనబోయే మందు చుక్క వేయించండి. మర్నాటికి చుక్క పడ్డచోట పొర కరిగి తేటపడితేనే కొనండి. ఒక ఫేజ్‌కు బాక్టీరియా త్వరగా అలవాటు పడుతుంది కాబట్టి రెండు మూడు రకాలు కలిపిన మందే మేలు. బాక్టీరియాను చంపకుండా లోపలే దాక్కునే ఫేజ్‌లూ ఉన్నాయి. కొన్ని ఆ బాక్టీరియాను మరింత విషపూరితం చేస్తాయి. అలాంటివి లేవని అమ్మేవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

మందును చల్లని చోట ఉంచి, ఎండ తగ్గాక చల్లి, ఏరేటర్లు నడపండి. బ్లీచింగ్, అయోడిన్ వేసిన నీటిలో ఫేజ్ బతకదు. శానిటైజర్ వాడివుంటే దాని ప్రభావం పోయేదాకా ఆగండి.

ఫేజ్‌తో యాంటీబయాటిక్ అవశేషాల బెడద లేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ యాంటీబయాటిక్‌ల జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి, అవి నిషిద్ధం. వచ్చే పంటకు సీడ్ బుక్ చేసేటప్పుడు హాచరీలో విబ్రియో పరీక్ష చేశారా, పిల్లల తొట్టెల్లో ఏ మందు వాడారు అని అడిగి, రిపోర్టు చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.