నడుస్తూ నేర్చుకుందాం: రాజమహేంద్రవరం గోదావరి గట్టు, దివాన్‌చెరువు అడవి



సాంఘిక శాస్త్రం అనగానే మనలో చాలామందికి పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టే తేదీలే గుర్తుకొస్తాయి. ఆ తేదీలు జరిగిన చోట ఒక్కసారి నడిస్తే వాటిని బట్టీ పట్టే పని ఉండదు. అందుకు రాజమహేంద్రవరం మంచి చోటు. ఇది 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు, నన్నయ భారతాన్ని తెలుగు చేసిన ఊరు. ఎగువ అడవుల కలప తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చి అమ్ముడైన వర్తక పట్టణం కూడా. రెండు ఆదివారాలు ఉంటే చాలు.

మొదటి ఆదివారం: నది

పుష్కర ఘాట్ దగ్గర పొద్దున్నే బయలుదేరండి. ముందుగా వంతెనలు చూడండి. 1900లో మొదలైన హేవలాక్ వంతెన మీద 1997 వరకు రైళ్లు నడిచాయి. దాని పక్కనున్న విల్లు ఆకారపు వంతెన ఇప్పుడు ఆ భారం మోస్తోంది. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974 నాటిది.

గట్టు వెంట దక్షిణంగా నడిస్తే ధవళేశ్వరం వస్తుంది. ఏటా నీరు సముద్రం పాలవుతున్నా, డెల్టా ఒక ఏడు కరువుతో, ఒక ఏడు వరదతో అల్లాడిన రోజులవి. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టించి 1852కు పూర్తిచేయించారు. దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీకి కూడా ఆయన పేరే పెట్టారు. దీని కాలువల కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

ఇక్కడి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. రేడియోలో, టీవీలో ఈ మాట విన్నప్పుడు లంక గ్రామాల్లో మూటలు సర్దుకునే కుటుంబాలు గుర్తుకు రావాలి. మన హాస్టళ్లలో చదివే పిల్లల ఇళ్లు కొన్ని అక్కడే ఉన్నాయి.

రెండవ ఆదివారం: అడవి

ఊరికి ఈశాన్యంగా జాతీయ రహదారి పక్కన దివాన్‌చెరువు రిజర్వు అడవి ఉంది. అనుమతి తీసుకుని, ఉపాధ్యాయునితో వెళ్లండి. టేకు కనిపిస్తే లేత ఆకు నలిపి చూడండి, వేళ్లకు ఎరుపు అంటుతుంది. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. చెట్ల కింద మట్టి ముట్టుకుని, తర్వాత బయట బీడు మట్టి ముట్టుకోండి. వాన నీటిని ఏది పట్టి ఉంచుతుందో చేతికే తెలుస్తుంది. నది ఎగువన కొండల మీద చెట్లు పోతే ఆ మట్టే కొట్టుకొచ్చి బ్యారేజీ ముందు మేట వేస్తుంది. అడవి, నది రెండు పాఠాలు కావు, ఒకటే పాఠం.

మరువరాని పేర్లు

ఈ ఊళ్లోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఈ ఊరివాడే కుసుమ ధర్మన్న కవి. ‘జయభేరి’ పత్రిక నడిపి, ‘మాకొద్దీ నల్లదొరతనము’ అంటూ అంటరానితనాన్ని నిలదీశారు. తెల్లవాడు వెళ్లిపోతే చాలదు, తోటివాడు కూడా మనిషిగా చూడాలి అన్నదే ఆయన మాట సారం. కాటన్ పేరు, కందుకూరి పేరు పాఠ్యపుస్తకంలో చదువుతాం. ధర్మన్న పేరు మనమే వెతికి చదువుకోవాలి. ఆనకట్టకు రాళ్లు మోసిన కూలీల పేర్లయితే వెతికినా దొరకవు. కానీ వారిలో మన తాతముత్తాతల వంటి వారే ఎక్కువమంది ఉంటారని గట్టు మీద నిలబడినప్పుడు తలచుకోండి.

జాగ్రత్తలు

వార్డెన్ గారికి చెప్పకుండా వెళ్లవద్దు. ఈత వచ్చినా నదిలో దిగవద్దు, పైకి నిదానంగా కనిపించే చోట కూడా లోపల సుడి ఉండవచ్చు. నీళ్ల సీసా, నోటుపుస్తకం, పెన్సిలు మరువవద్దు.

అభ్యాసం

1. మీ ఊరి చెరువు లేదా కాలువ ఎవరు తవ్వించారో, ఎవరు తవ్వారో పెద్దలను అడిగి రాయండి.
2. మీ హాస్టల్ చుట్టూ ఉన్న పది చెట్ల పేర్లు రాయండి.
3. మీ ప్రాంతంలో పాఠ్యపుస్తకానికి ఎక్కని ఒక మంచి మనిషి గురించి పది వాక్యాలు రాయండి.

మూడవ ప్రశ్నకు జవాబు రాసినవారు వచ్చే వార్షికోత్సవ సంచికకు పంపండి. మన చరిత్ర మనమే రాసుకోవాలి.