రెండు చందనాలు

చందనమనే మాటకు మన సంస్కృతిలో ఎంతో గౌరవం ఉంది. అయితే ఆ పేరును పంచుకొన్న శ్రీగంధానికీ, ఎర్రచందనానికీ పుట్టుకలో బంధుత్వం లేదు. వాటిని కలిపినవి రెండే: ఒకటి పేరు, రెండవది ముప్పు.

శ్రీగంధం శాంటలేసీ కుటుంబానికి చెందిన సతతహరిత వృక్షం. దీని చిన్న పూలు లేతరంగులో విచ్చుకొని, క్రమంగా ముదురు ఎరుపుకు మారుతాయి. పరిమళం మాత్రం పూలలో లేదు. చేవలోను, వేళ్లలోను ఉండే నూనెలో ఉంది. పచ్చని ఆకులతో తన ఆహారాన్ని తానే తయారుచేసుకొన్నప్పటికీ, పొరుగు చెట్ల వేళ్లను అంటుకొని వాటి నుండి నీటిని, లవణాలను గ్రహిస్తుంది. పండ్లు తిన్న పక్షులు దీని విత్తనాలను వెదజల్లుతాయి.

ఎర్రచందనం చిక్కుడు కుటుంబానికి చెందిన ఆకురాల్చే వృక్షం. దీనికి నిజమైన చుట్టం మన అడవులలోని వేగిస. పసుపుపచ్చని పూలు పూస్తుంది. కాయ చుట్టూ పలుచని రెక్క ఉంటుంది. చేవకు శ్రీగంధపు సువాసన లేదు. శాంటలిన్ అనే ఎర్రని వర్ణకం ఉంది.

శ్రీగంధం కర్ణాటక, తమిళనాడు, కేరళలోని మరయూరు మొదలైన ప్రాంతాలలో పెరుగుతుంది. ఎర్రచందనానికి సహజమైన నెలవు తూర్పు కనుమల దక్షిణ భాగం మాత్రమే. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండలే దానికి పుట్టినిల్లు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి శ్రీగంధాన్ని దుర్బల జాతిగా గుర్తించింది. ఎర్రచందనాన్ని 1998లో అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించి, 2018లో ఆ స్థాయిని తగ్గించినా, అనంతరం మళ్లీ ప్రమాదస్థాయిలోనే చేర్చింది. ఎర్రచందనపు అంతర్జాతీయ వ్యాపారం 1995 నుండి సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉంది.

చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. అందువలన దొంగల గొడ్డలి ముందుగా పడేది ముదురు చెట్లపైననే. విత్తనాలిచ్చే తల్లిచెట్లూ అవే! నరికిన ఎర్రచందనపు మోడు మళ్లీ చిగురించగలదు. శ్రీగంధాన్ని నూనె కోసం వేళ్లతో పెకలిస్తారు గనుక అక్కడ మోడు కూడా మిగలదు. దీనికి తోడు స్పైక్ తెగులు సోకిన చెట్టు ఆకులు కుంచించుకుపోయి చనిపోతుంది.

కాబట్టి రెండింటికీ ఒకే రక్షణ చాలదు. శ్రీగంధాన్ని కాపాడాలంటే దానికి ఆసరానిచ్చే పొరుగు చెట్లను కూడా నిలపాలి. ఎర్రచందనాన్ని కాపాడాలంటే ఆ కొండలను కాపాడాలి. తోటలలో పెంచిన చెట్లు కలప కొరతను తీర్చగలవు. సహజమైన అడవి లేని లోటును మాత్రం తీర్చలేవు.