మాత్ర లేకుండా నిద్ర పట్టాలంటే

"హకీం సాబ్, ఒంట్లో జబ్బేమీ లేదు, రాత్రయితే కన్ను మాత్రం మూతపడదు" అంటూ దవాఖానాకు వచ్చేవారు నానాటికీ పెరుగుతున్నారు. చాలామంది జేబులో అప్పటికే ఒక మాత్రల పట్టీ ఉంటుంది. ఎప్పుడో ఒక డాక్టరు పది రోజులకని రాసిచ్చిన అల్ప్రాజోలం. అదే పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కుంటున్నారు. ఆ మాత్ర చెడ్డదని నేననను. కొద్ది రోజుల కోసం ఇచ్చినదాన్ని విడవకుండా మింగడమే చిక్కు. పోనుపోను అది లేనిదే నిద్ర రాదు. పెద్ద వయసువారైతే రాత్రి బాత్రూముకు లేచి, తూలిపడి, తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

యూనానీ వైద్యంలో ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి కారణాలు చెప్పారు. గాలి, అన్నపానాలు, శరీరపు కదలిక–విశ్రాంతి, మనసు కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, విసర్జన–నిలుపుదల. నిద్రలేమికి మా గ్రంథాల్లో పేరు 'సహర్'. మెదడులో పొడితనం, వేడి పెరిగితే అది వస్తుందని ఇబ్న్ సీనా కాలం నుంచీ చెబుతున్నారు. అందుకే మందు కంటే ముందు తద్బీర్ చూస్తాం, అంటే జీవన పద్ధతిని సరిచేసే చికిత్స.

ఇంట్లో చేసుకోగలిగిన తద్బీర్ పాశోయా. పడుకోవడానికి గంట ముందు బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి, మడమల పైదాకా పాదాలను 15 నిమిషాలు ఉంచండి. పాదాల్లో రక్తనాళాలు విప్పారి ఒంట్లోని వేడి బయటికి పోతుంది. లోపలి వేడి కాస్త తగ్గితేనే నిద్ర వస్తుందన్నది నేటి వైద్యులూ ఒప్పుకునే మాట. తరువాత అరికాళ్లకు, మాడుకు నువ్వుల నూనె మెల్లగా మర్దన చేయించుకోండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారు మాత్రం నీటి వేడిని తాము చూసుకోకూడదు. ఇంట్లో మరొకరు మోచేయి పెట్టి చూడాలి. వేడి తెలియక పాదాలు బొబ్బలెక్కితే పుండు పడుతుంది.

అయితే ఒక్క మాట. పాశోయా చేసి, నూనె రాసి, తొమ్మిదింటికే పడకెక్కి, అర్ధరాత్రి దాకా దొర్లితే ప్రయోజనం లేదు. నిద్ర రాని మనిషి చేసే పెద్ద పొరపాటు పడక మీద ఎక్కువసేపు ఉండడమే. దాంతో మంచం చూడగానే మనసుకు నిద్ర బదులు దిగులు గుర్తొస్తుంది. దీన్ని విడిపించే పద్ధతిని 1972లో బూట్జిన్, పడక సమయాన్ని కుదించే పద్ధతిని 1987లో స్పీల్‌మన్ అనే అమెరికన్ పరిశోధకులు చెప్పారు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్ర కంటే ముందు ఇలాంటి మనసు, అలవాట్ల చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫార్సు చేసింది.

పద్ధతి ఇది. మీరు తొమ్మిదింటికి పడుకుని అయిదింటికి లేస్తున్నారు, నిజంగా నిద్రపోయేది అయిదున్నర గంటలే అనుకుందాం. ఇకనుంచి పదకొండున్నర దాకా పడక ఎక్కవద్దు. ఎలా గడిచినా అయిదింటికి లేవాలి. ఫజర్‌కు లేచే ఇంట్లో ఈ నియమం కొత్తది కాదు. నమాజు తరువాత మళ్లీ పడుకోవడమే దాన్ని చెడగొడుతుంది. పడక మీద 20 నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి వేరే గదిలో కూర్చోండి. గడియారం చూడవద్దు, ఫోను ముట్టవద్దు. కళ్లు వాలుతున్నప్పుడే తిరిగి రండి. వారం తరువాత పడక మీదున్న సమయంలో నూటికి 85 వంతులు నిద్రలో గడుస్తుంటే, పడుకునే వేళను పదకొండుంబావుకు మార్చండి. అలా వారం వారం పెంచుకోవాలి. ఎన్ని గంటలు నిద్ర తక్కువైనా, పడక సమయం అయిదు గంటలకు తగ్గించవద్దు. ఈ వారాల్లో మధ్యాహ్నం ఖైలూలా మానేయాలి. సహరీ వేళకు లేవాల్సిన రంజాన్‌లో ఇది మొదలుపెట్టకండి.

మొదటి వారం కష్టంగానే ఉంటుంది. పగలు కునికిపాట్లు వస్తాయి. బండి నడపడం, మిషన్ మీద పనిచేయడం ఆ రోజుల్లో వద్దు. మూర్ఛ ఉన్నవారు, ఉన్మాదానికి మందులు వాడుతున్నవారు ఇది సొంతంగా చేయకూడదు.

ఇక మనసు సంగతి. కూతురి పెళ్లి, కొట్టు అప్పు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు. ఇవన్నీ దీపం ఆర్పగానే గుర్తొస్తాయి. వాటికి మగ్రిబ్ తరువాత పావుగంట కేటాయించి, కాగితం మీద రాయండి. పక్కన రేపు చేయగలిగిన ఒక్క పని రాయండి. చేయగలిగింది లేకపోతే లేదనే రాయండి. రాత్రి మళ్లీ ఆ చింత వస్తే, కాగితంలో ఉందని చెప్పుకుని ఊపిరిని పదిదాకా లెక్కపెట్టండి. లెక్క తప్పుతుంది. తప్పితే ఒకటి నుంచి మొదలుపెట్టడమే సాధన. నిద్ర రావాలని మాత్రం పట్టుబట్టకండి. బలవంతపెడితే పారిపోయేది నిద్ర ఒక్కటే. సాయంత్రం చాయ్ గురించి చెప్పనక్కరలేదు, అయినా మానరు!

ఇది చదివి ఈ రాత్రే మాత్ర ఆపేయవద్దు. చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే వణుకు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చెప్పిన లెక్కలో వారాల మీద తగ్గించుకోవాలి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరాగి ఉలిక్కిపడేవారు పడక సమయం కుదించక ముందే డాక్టరుకు చూపించుకోవాలి. ఆ గురక మీకు తెలియదు, పక్కనున్నవారిని అడగండి.