తుఫాను అనంతరం: కోలుకోవడంలో భావోద్వేగాల పాత్ర

ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారంలో పనికై శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణంలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వారు విడిచివచ్చిన తీరమూ, వచ్చి చేరిన మేదినీపూర్ సీమా రెండూ బంగాళాఖాతపు తుఫానులను ఎరిగినవే. వైపరీత్యం తరువాత ఒక సమాజం ఎట్లు కోలుకొంటుంది, అందులో మనుషుల భావోద్వేగాలకు గల పాత్ర ఏమిటి అని విచారించడానికి ఇది తగిన చోటు.

1942 అక్టోబరు 16న, దుర్గాపూజల నడుమ, నాటి మేదినీపూర్ జిల్లాలోని కాంథి, తమ్లుక్ ప్రాంతాలపై ఉప్పెన విరుచుకుపడింది. పద్నాలుగు వేలకు పైగా ప్రజలు మరణించారు. అది క్విట్ ఇండియా ఉద్యమం ఉధృతంగా సాగుతున్న సమయం. యుద్ధకాలపు సెన్సారు పేరిట ప్రభుత్వం ఈ వార్తను సుమారు రెండు వారాలు పత్రికలకు ఎక్కనీయలేదు. ఇల్లు పోయినవానికి అన్నం ఎంత అవసరమో, తన నష్టాన్ని లోకం గుర్తించడమూ అంతే అవసరం. గుర్తింపు దొరకని దుఃఖం ఆగ్రహంగా మారుతుంది. బెంగాల్ ఆర్థికమంత్రి శ్యామాప్రసాద్ ముఖర్జీ ఆ నవంబరులో రాజీనామా చేయడానికి మేదినీపూర్ పరిస్థితి ఒక కారణం. డిసెంబరు 17న సతీశ్‌చంద్ర సామంత నాయకత్వాన తమ్లుక్‌లో ఏర్పడిన తామ్రలిప్త జాతీయ సర్కారు తుఫాను బాధితుల సహాయాన్ని తన పనులలో ఒకటిగా స్వీకరించింది. ఆగ్రహం విధ్వంసానికే దారితీస్తుందనుకోవడం పొరపాటని దీనివల్ల తెలుస్తుంది. అయితే 1943 కరవు ఈ ప్రయత్నాలన్నిటినీ మించిపోయింది. ధైర్యంతో కడుపు నిండదు కదా!

దివిసీమ అనుభవం వేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. ఈసారి వార్త దాగలేదు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలెపట్టి విరాళాలు సేకరించారు; మండలి వెంకటకృష్ణారావు బాధితుల మధ్యనే ఉండి సేవచేశారు. కాని అనేక మృతదేహాలు ఎవరివో గుర్తించడం సాధ్యపడక సామూహికంగా దహనం చేయవలసి వచ్చింది. కర్మకాండ జరగని మరణం బంధువుల మనస్సులో ముగియదు; ఏమో, ఎక్కడైనా బ్రతికి ఉన్నాడేమో అన్న ఆశ వారిని వదలదు. దివిసీమలో ఏటా నవంబరు 19న మృతులకు నివాళులర్పించే ఆచారాన్ని ఈ దృష్టితో చూడవలసి ఉంది. ఎవరికి వారుగా ఏడ్వలేకపోయినవారు ఆ రోజున కలిసి ఏడుస్తారు.

అమెరికాలోని బఫెలో క్రీక్ లోయలో 1972 ఫిబ్రవరిలో బొగ్గుగని వ్యర్థాల కట్ట తెగి 125 మంది మరణించారు. నిరాశ్రయులకు ప్రభుత్వం తాత్కాలిక గృహాలను త్వరగానే ఇచ్చింది, కాని పాత ఇరుగుపొరుగును పాటించకుండా పంచింది. సామాజిక శాస్త్రవేత్త కై ఎరిక్సన్ అక్కడి వారితో మాట్లాడి, వరద ఒక దెబ్బ కాగా, ఊరి సంబంధాలు తెగిపోవడం రెండవ దెబ్బ అని నిరూపించాడు.

హిందీ ప్రభుత్వ పత్రాలను తెలుగు చేసేటప్పుడు 'పునర్వాస్' అన్న మాటకు 'పునరావాసం' అని వ్రాయడం నాకు అలవాటు. అది ఇంటిని సూచించే మాట. మనిషి విషయంలో మనవారు 'తేరుకొన్నాడు' అంటారు. ఆ మాట ఏ దస్త్రంలోనూ నాకు తగలలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. హౌరా నుండి ఖరగ్‌పూర్ మీదుగా మద్రాసుకు పోయే రైలుమార్గంలోనే ఉన్నది పలాస. ఆ ఊళ్లలో చుట్టాలున్న ఖరగ్‌పూర్ ఇళ్లకు అది పత్రికావార్త కాదు. నష్టపరిహారం చెట్లను లెక్కిస్తుంది. రైతు మాత్రం కొబ్బరిచెట్టును కన్నబిడ్డతో పోల్చి, ఇది మా నాన్న నాటినదని ఏడుస్తాడు. ఆ ఏడుపు అడిగి వినేవారుండాలి. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. సహాయశిబిరాలు కొద్ది వారాలకే ఎత్తివేయబడతాయి. తరువాతి సంవత్సరాలలో ఆ రైతును పలకరించడానికి రైలెక్కవలసినవారు చుట్టాలే.