కారుకి సోకులు చేస్తే ఇన్సూరెన్స్‌కి చెప్పాలా?

పోయినేడు మా బాబాయ్ కారు ఇన్సూరెన్స్ ఆన్‌లైన్‌లో రిన్యూ చేసింది నేనే. "సీఎస్ఈ చదువుతున్నావుగా, నువ్వే చెయ్‌రా" అన్నాడు. ఫారంలో యాక్సెసరీల విలువ అని ఒక గడి ఉంది. అందులో ముందే సున్నా ఉంది. నేను ముట్టుకోలేదు. నెక్స్ట్, నెక్స్ట్, పేమెంట్. రెండు నిమిషాల్లో అయిపోయింది.

అప్పటికే బాబాయ్ ఆ కారుకి తెనాలిలో అల్లాయ్ వీల్స్, టచ్‌స్క్రీన్ మ్యూజిక్ సిస్టమ్, డోర్లకి స్టిక్కరింగ్ చేయించాడు. ఆ సంగతి నాకు తెలుసు. అందులో ఎక్కి తిరిగాను కూడా.

కొన్ని నెలల తర్వాత సూర్యలంక బీచ్ చూసుకుని బాపట్ల మీదుగా రేపల్లె వెళ్తుంటే, కర్లపాలెం దాటాక వానలో కారు జారి కల్వర్టు గోడకి కొట్టుకుంది. దేవుడి దయ, మనుషులకి ఏం కాలేదు. సర్వేయర్ వచ్చి బంపర్‌కీ డోర్‌కీ లెక్క కట్టాడు. పగిలిన అల్లాయ్ వీల్స్‌కి, చిరిగిన స్టిక్కరింగ్‌కి మాత్రం రూపాయి రాలేదు. "ఇవి పాలసీలో లేవు కదండీ" అన్నాడు. నిజమే. లేకుండా చేసింది నేను. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధగా అనిపించింది.

అప్పుడు కూర్చుని చదివాను. మీ ఇంట్లో కూడా ఈ రిన్యూవల్ పని మీకే వస్తుంది కాబట్టి, అర్థమైనంత రాస్తున్నాను.

పాలసీలో ఐడీవీ అని ఉంటుంది. అంటే కారుకి కంపెనీ ప్రకటించిన ధరలోంచి వయసు కొద్దీ తరుగు తీసేస్తే మిగిలే విలువ. ఆరు నెలల లోపు కారుకి 5 శాతం, రెండేళ్లు దాటి మూడేళ్ల లోపుదానికి 30, నాలుగు దాటి ఐదేళ్ల లోపుదానికి 50 శాతం తరుగు. మనం బయట పెట్టించిన సామాను ఆ ధరలో ఉండదు. విడిగా రాస్తేనే లెక్కలోకి వస్తుంది.

మార్పులు మూడు రకాలు అనుకోండి.

ఒకటి, చెబితే సరిపోయేవి. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, సైజు మారని అల్లాయ్ వీల్స్. 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్‌లో కరెంటుతో పనిచేసే సామానుకి విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. ఇప్పుడు కంపెనీని బట్టి మారొచ్చు.

రెండు, ముందు ఆర్‌సీలో మార్పించి, తర్వాత ఇన్సూరెన్స్‌కి చెప్పాల్సినవి. కారు రంగు మొత్తం మార్చడం, సీఎన్‌జీ కిట్ పెట్టించడం ఇలాంటివి.

మూడు, చెప్పినా చెల్లనివి. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని 2012లో అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నల్ల ఫిల్మ్ వేసి "డిక్లేర్ చేశాగా" అంటే కుదరదు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో అదే కోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో అనుమతిలేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి.

ఏడాది మధ్యలో ఏదైనా పెట్టిస్తే రిన్యూవల్ దాకా ఆగక్కర్లేదు. బిల్లు జత చేసి కంపెనీకి మెయిల్ పెట్టి, ఎండార్స్‌మెంట్ అడగండి. అంటే పాలసీకి అతికించే సవరణ కాగితం. అది చేతికి వచ్చాకే చెప్పినట్టు లెక్క. ఏజెంట్‌కి ఫోన్‌లో చెప్పడం చాలదు.

ఈ ఏడు రేపల్లె వెళ్లి, బిల్లులన్నీ ముందేసుకుని బాబాయ్ పక్కనే కూర్చుని ఫారం నింపాను.

"చెబితే ప్రీమియం పెరుగుద్ది కదరా?"

"పెరుగుద్ది బాబాయ్. ఇరవై వేల మ్యూజిక్ సిస్టమ్‌కి 4 శాతం అంటే ఏడాదికి 800, పైన జీఎస్‌టీ."

"అంతేనా? పోయినేడే రాయాల్సింది."

నేనేం మాట్లాడలేదు. సున్నా చెరిపి, అంకె వేశాను.

మీరు కూడా ఇవాళ నాన్నగారి కారు పాలసీ ఒకసారి తెరవండి. యాక్సెసరీల దగ్గర ఏముందో చూడండి, తర్వాత కిందికెళ్లి కారు చూడండి. రెండూ ఒకటే చెప్తున్నాయా?