లేవలేకపోయిన వాళ్ల కోసం ఆండాళ్ పాడిన పది పాశురాలు

ఈ వారం వీడియోలో తిరుప్పావై ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా చెప్పుకున్నాం కదా. టైం చాలక ఒక విషయం వదిలేశాను, అది ఇక్కడ రాస్తున్నాను. "మొదటి నాలుగు రోజులు గోష్ఠికి వెళ్లాను, తర్వాత లేవలేకపోయాను, ఇప్పుడు మళ్లీ వెళ్లాలంటే సిగ్గుగా ఉంది" అని మీలో చాలామంది అంటుంటారు. పోయిన ధనుర్మాసంలో నా పరిస్థితీ అదే. దానికి జవాబు నాకు ముందుగా దొరికింది పాశురాల్లో కాదు, ఒక మసీదు కబుర్లలో.

రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో నాతో షిఫ్టు చేసే తమ్ముడొకడు ఏడాది కిందట ఇస్లాంలోకి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడన్నది అతని సొంత విషయం, దాని జోలికి నేను పోను. ఒకరోజు షిఫ్టు బస్సులో కూర్చుని బాధపడ్డాడు. "అన్నా, ఐదు పూటలా మసీదుకు పోయి జమాత్‌తో నమాజ్ చదవడం నా చేత కావడంలేదు" అన్నాడు. రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరేవాడు ఫజర్‌కి ఎలా లేస్తాడు? డిసెంబరులో మన తిరుపతిలో ఫజర్ వేళ ఐదుంపావు ప్రాంతంలో మొదలై సూర్యోదయంతో అయిపోతుంది. మిగతా నమాజుల్లో రెండు మూడు షిఫ్టులోనే పోతాయి. ఇంట్లో వాళ్లమ్మకు ఇది ఇంకా మింగుడుపడలేదు, పొద్దున్నే తలుపు చప్పుడైతే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద కష్టం వేరే అట. వరసలో నిలబడితే పక్కవాళ్లంతా చిన్నప్పటి నుంచి అలవాటైనవాళ్లు. ఎప్పుడు వంగాలో, ఎప్పుడు కూర్చోవాలో ఇతను ఓరకంట చూసి చేయాలి. ఒక వారం మానేశాడు. ఆ తర్వాత మసీదు ఉన్న వీధే తప్పించి, చుట్టు తిరిగి ఇంటికి పోతున్నాడు.

నేను నోరు విప్పలేదు. ఎందుకంటే నేనూ సరిగ్గా అదే చేస్తున్నాను. గోష్ఠి జరిగే మండపం ముందు నుంచి బండి పోనివ్వకుండా పక్క సందులో తిప్పుకుంటున్నాను! నాకు తమిళం రాదు, పుస్తకంలో తెలుగు అక్షరాలు చూసుకుంటూ అందరికన్నా అరపదం వెనక ఉంటాను. అయిదో రోజు తప్పింది. ఆరో రోజు లేచి కూడా పోలేదు.

కొన్నాళ్లకు ఆ తమ్ముడే మళ్లీ చెప్పాడు. మసీదులో ఒక పెద్దాయన టీ అంగడి దగ్గర కనపడి, "కనపడడంలేదే" అని మాత్రం అడిగి, ఒక నియమం చెప్పాడట. నమాజ్ మొదలైపోయాక వచ్చినా పరుగెత్తకూడదు, నిదానంగా రావాలి. ఇమామ్ ఏ స్థితిలో ఉంటే అక్కడే కలిసిపోవాలి. ఇమామ్ వంగి ఉన్నప్పుడు, అంటే రుకూలో, కలిసినా ఆ రకాత్ దక్కినట్టే. చివర ఇమామ్ సలాం చెప్పాక లేచి, తప్పిపోయినవి పూర్తి చేసుకోవాలి. ఇది హదీసుల నుంచి వచ్చిన పద్ధతి. జమాత్‌తో చదివితే ఒంటరిగా చదివినదానికన్నా ఇరవై ఏడు రెట్లు ఎక్కువ అని చెప్పే సంప్రదాయమే, ఆలస్యమైనవాడికీ వరసలో చోటు పెట్టింది. జబ్బు, జోరువాన లాంటి ఇబ్బందులుంటే ఇంట్లోనే చదువుకోవచ్చనీ చెప్పింది. "సగంలో వచ్చినా తలుపు మూసి ఉండదన్నా" అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది.

ఆ రాత్రే తిరుప్పావై తీశాను. ముప్పై పాశురాల్లో పది, అంటే మూడో వంతు, గోష్ఠికి లేవని వాళ్ల కోసమే ఉన్నాయి! ఇన్నాళ్లూ నేను వాటిని ప్రకృతి వర్ణనలా చదివేశాను. మళ్లీ చూడండి. ఎనిమిదో పాశురంలో తూర్పు తెల్లవారింది, గేదెలు మేతకు పోయాయి, వెళ్లేవాళ్లను ఆపి మరీ నీకోసం వచ్చాం అంటారు. తొమ్మిదిలో మేనమామ కూతురు లేవకపోతే వాళ్లమ్మను "అత్తా, నీ కూతురు మూగదా, చెవిటిదా" అని అడుగుతారు. పదిలో కుంభకర్ణుడు ఓడిపోయి తన నిద్ర నీకిచ్చి పోయాడా అని ఏడిపిస్తారు. పన్నెండులో నెత్తిన మంచు పడుతున్నా వాకిట్లో గడప పట్టుకుని నిలబడి ఉంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పద్నాలుగు. మిమ్మల్నందరినీ నేనే ముందు లేపుతానని గొప్పలు పోయిన పిల్లే ఇంకా పడుకుని ఉంది!

ఏడిపిస్తారు, దెప్పుతారు, కానీ ఒక్కరిని కూడా వదిలేసి పోరు. పదిహేనో పాశురంలో లోపలి పిల్ల, బయటివాళ్లు మాటకు మాట అనుకుంటారు. చివరకు ఆ పిల్ల, సరే తప్పు నాదేలే అని ఒప్పుకుంటుంది. అక్కడితో ఆ గొడవ సరి, పదహారులో అందరూ కలిసి నందగోపుడి వాకిట్లో ఉంటారు. నిన్న ఎందుకు రాలేదన్న లెక్క మళ్లీ ఎక్కడా రాదు. అర్హత సంగతి మొదటి పాశురంలోనే తేలిపోయింది: రావాలని ఉన్నవాళ్లు రండి, అంతే. మన వ్యాఖ్యాతలు కూడా కోరికే అధికారం అంటారు.

ఈ మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. గోవిందరాజస్వామి గుడిలో ఆండాళ్ సన్నిధి ఉంది. అంత దగ్గర ఉండి కూడా నాకు కావలసింది గడప దగ్గర పిలిచే మనిషే అయ్యాడు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు నేను చెప్పేది ఇది. ముప్పై రోజులూ అని పంతం పట్టకండి, మీ షిఫ్టు ఒప్పుకునే రోజులు ముందే ఎంచుకోండి. ఆలస్యమైతే వెనక్కి తిరగకండి, ఏ పాశురం నడుస్తుంటే అక్కడ కలవండి, మిగతావి ఇంటికొచ్చి చదువుకోండి. నోరు తిరగకపోతే విన్నా చాలు. ఇక పాతవాళ్లకు చెప్పేది ఎక్కువ. నాలుగు రోజులు వచ్చి మానేసిన పిల్లాడి ఫోన్ నంబరు మీ దగ్గర ఉందా? గ్రూపులో అందరికీ కలిపి మెసేజ్ పెట్టడం గడప పట్టుకుని నిలబడడం కిందికి రాదు.

నేను పంతొమ్మిదో రోజు మళ్లీ వెళ్లాను. ఎవరూ ఏమీ అడగలేదు, ఒక మామ్మగారు పుస్తకం నావైపు జరిపారు. కూడారై రోజున చక్కెర పొంగలి అందరితోపాటు నాకూ దొన్నెలో పెట్టారు. ఆ తమ్ముడు ఇప్పుడు సెలవు రోజుల్లో ఐదు పూటలూ, మిగతా రోజుల్లో కుదిరినవీ మసీదులో చదువుతున్నాడు. ఫజర్‌కి లేచే రోజు నాకు ఫోన్ చేస్తాడు, నేను ముందు లేస్తే నేను చేయాలని మా ఒప్పందం. ఇప్పటిదాకా అన్నిసార్లూ వాడే చేశాడు. ముందు లేపుతానని గొప్పలు పోయింది మాత్రం నేనే.